కూకా వెళ్లలేని ఊరు

నాకు కూకా పరిచయమైంది ఒక ప్రశ్నపత్రం వల్ల. 2014 ఫిబ్రవరిలో, కాలిఫోర్నియాలోని మా ఎల్ కహోన్ ఊళ్లో, మా చర్చి హాలుకి మిస్ హాలోరన్ అనే కాలేజీ పరిశోధకురాలు వచ్చింది. మా ఊళ్లో ఇరాక్ నుంచి వచ్చినవాళ్లూ మెక్సికో నుంచి వచ్చినవాళ్లూ ఒకే వీధుల్లో కాపురముంటారు. ఎవరికి పని దొరికింది, ఎవరి పిల్లలు ఎంతదాకా చదివారు, ఎవరు ఇల్లు కొనుక్కోగలిగారు అన్నవి రెండు వైపులా అడిగి పోల్చి చూడాలని ఆమె ఉద్దేశం. చెరో అరవై ఇళ్లు. అరబ్బీలో అడగడానికి ఒకరు, స్పానిష్‌లో అడగడానికి ఒకరు కావాలంది.

"ఇలాంటి పని ఇంతకుముందు ఎవరైనా చేశారా?" అని అడిగితే నేను చెయ్యెత్తాను.

"ఎన్ని ఇళ్లు చేశారు?"

"నా చేతి కింద నలభై రెండు వేల ఇళ్లు."

నాకు ఇంగ్లీషు అంకెలు రావనుకుని ఆమె జాలిగా నవ్వింది. నేను తప్పు చెప్పలేదు. బాగ్దాదులో గణాంకాల శాఖలో పదిహేడేళ్లు పనిచేశాను. తొంభై ఏడు జనాభా లెక్కల్లో ఒక డివిజను కాగితాలన్నీ షమీరన్ అనే నా సంతకంతోనే పైకి వెళ్లాయి. ఎల్ కహోన్‌కి వచ్చిన ఐదేళ్లలో నాకు దొరికిన ఉద్యోగం మాత్రం ఒక మిఠాయి దుకాణంలో పెట్టెలు సర్దడం, అదీ పెళ్లిళ్ల సీజన్లో.

స్పానిష్ వైపు నుంచి చెయ్యెత్తిన మనిషి పొట్టిగా, దిట్టంగా ఉంది. జుట్టు గట్టిగా వెనక్కి లాగి ముడేసుకుంది. "నేనీ పని ఎప్పుడూ చెయ్యలేదు. కానీ ఈ ఊళ్లో నేను తుడవని ఇల్లు తక్కువ," అంది. హాల్లో అందరూ నవ్వారు. మిస్ హాలోరన్ మా ఇద్దరినీ తీసుకుంది.

ఆమె పూర్తి పేరు మరియా దెల్ రెఫూహియో. అందరూ కూకా అంటారు. రెఫూహియో అంటే వాళ్ల భాషలో శరణు అని తెలిసి మొదటి రోజే హాస్యమాడాను.

"నేనేమో శరణార్థిని. నీ పేరే శరణు. మంచి జత కుదిరింది."

"పేరు నాది డాక్టరమ్మా, కాగితం నీది," అంది కూకా. నా కళ్లజోడూ ఫైళ్లూ చూసి ఆ పిలుపు తనే పెట్టేసింది, ఎంత వద్దన్నా మానలేదు. కాగితం మాట నాకప్పుడు అర్థం కాలేదు. మాట్లాడుకోవడానికి మా ఇద్దరికీ ఉన్నది ముక్కలు ముక్కలుగా వచ్చిన ఇంగ్లీషే కదా, ఏదో అంది లెమ్మని వదిలేశాను.

నాకు డ్రైవింగ్ రాదు. అప్పటికే రెండుసార్లు పరీక్ష తప్పాను. కూకాకి పాత నీలం వ్యాను ఉంది. పొద్దున ఆమె రెండిళ్లు తుడిచి వచ్చాక, మధ్యాహ్నం నుంచి ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఒక ఇల్లు నాది, ఒక ఇల్లు ఆమెది.

నా ఇళ్లలో తలుపు తియ్యగానే టీ వచ్చేది. టీతో పాటు ఖర్జూరపు బిస్కెట్లు. తరవాత గోడ మీద పటాలు చూపించేవారు. అబూ సల్వాన్ అనే పెద్దమనిషి ఒకప్పుడు ఆనకట్టలు కట్టిన ఇంజినీరు. తను కట్టిన ఆనకట్ట గేట్లన్నిటి గురించీ గంటసేపు చెప్పాడు. "ప్రస్తుతం మీ పని?" అని అడిగే గడి దగ్గరికి వచ్చేసరికి కప్పు కింద పెట్టి, "ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను అని రాయమ్మా," అన్నాడు. అరవై రెండేళ్లాయన. అలాగే రాశాను.

కూకా ఇళ్లలో కూర్చోమనేవాళ్లు కూడా ఉండేవారు కాదు, ఎవరికైనా తీరికుంటే కదా. ఒకరు షిఫ్టుకి వెళ్తూ, ఇంకొకరు వస్తూ, వంటగదిలో ఎవరో రొట్టెలు కాలుస్తూ, నిలబడే జవాబులు చెప్పేవారు. రెండు గదుల ఇంట్లో ఎనిమిది మంది, ఎనిమిది మందిలో ఆరుగురికి పని. ఎంతవరకు చదివారని అడిగితే ఒకావిడ పిండి చేతులు చూపించి పకపకా నవ్వింది. పేరు మాత్రం ఒక పట్టాన చెప్పేవారు కాదు.

"మీవాళ్లు టీ ఇస్తారు, జవాబివ్వరు," అనేది కూకా వ్యాను ఎక్కుతూ.

"మీవాళ్లు జవాబిస్తారు, పేరివ్వరు."

"పేరుతో ఏం పని? మనిషి ఉన్నాడుగా!"

"పేరు లేకపోతే మనిషి లెక్కలోకి రాడు కూకా."

"లెక్కలోకి రాకుండానే ఇరవై రెండేళ్లు గడిపాను, ఏమైంది నాకు?" అని ఇంజిన్ స్టార్టు చేసేది.

కూకా ఎంత చక్కగా నడిపేదో చెప్పాలి. ఆగమనే గుర్తులన్నిటి దగ్గరా పూర్తిగా ఆగేది. హద్దు దాటి ఒక్క మైలు వేగం పెంచేది కాదు. పసుపు దీపం దూరంగా కనిపిస్తేనే బ్రేకు మీద కాలు. ఇంత పద్ధతిగా నడపడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"భయం నేర్పింది. నాకు లైసెన్సు లేదు. దొరికితే బండి పోతుంది, తరవాత నేను పోతాను."

మొదటి రోజు అన్న కాగితం మాట అప్పుడు తలకెక్కింది. జకటెకాస్ కొండల్లోని పల్లెలో పుట్టి, తొంభై రెండులో, కడుపుతో ఉండగా, మొగుడు చెమాతో కలిసి మూడు రాత్రులు ఎడారిలో నడిచి వచ్చింది. చెమా తోటపని చేస్తాడు. వాళ్లమ్మాయి యరెలీ ఇక్కడే పుట్టింది, కాబట్టి ఇక్కడి పౌరురాలు. బండి ఆమె పేరు మీదే ఉంది. ఇంట్లో కాగితాలున్నది ఆ అమ్మాయికీ ఆ బండికీ మాత్రమే.

నాకు కాగితాలన్నీ ఉన్నాయి. డమాస్కస్‌లో మూడేళ్లు ఎదురుచూస్తే అమెరికావాళ్లు ముద్రలన్నీ వేసి విమానం ఎక్కించారు. దిగిన మొదటి ఎనిమిది నెలలూ ఇంటద్దె కూడా వాళ్లే కట్టారు. డిగ్రీ ఉంది, గ్రీన్ కార్డు ఉంది. ఉద్యోగం లేదు, కారు నడపడం రాదు. కూకాకి మూడో తరగతి చదువు, ఏడిళ్లలో పని, కూతురికి విశ్వవిద్యాలయంలో సీటు. మేమిద్దరం ఒకే వ్యానులో పక్కపక్కన కూర్చుని తిరుగుతున్నాం.

మా ఇంట్లో నేనూ మా అత్తగారు వర్దియా, ఇద్దరమే. మాకు పిల్లలు లేరు. మా ఆయన సర్గోన్ 2006లో బాగ్దాదులో పోయాడు. రొట్టెలు తేవడానికి వెళ్లినవాణ్ని వీధి చివర తనిఖీ దగ్గర ఆపి కార్డు చూపించమన్నారు. కార్డు మీద క్రైస్తవుడి పేరు చదివారు. అంతే. ఆ వారంలోనే నేనూ అత్తగారూ డమాస్కస్ బస్సెక్కాం. అప్పటినుంచి ఆవిడకి నేను, నాకు ఆవిడ.

అత్తగారి నాలుక పదును. కూకా గురించి చెబితే, "వాళ్లు గోడ దూకి వచ్చినవాళ్లంట కదే," అంది.

"మనల్ని మాత్రం కార్డు వేసి పిలిచారా అత్తయ్యా?"

"నాకు ఎదురు మాట్లాడటం కూడా వచ్చేసింది నీకు, ఆ వ్యానెక్కాక."

ఒక శనివారం కూకా తమాలెలు తెచ్చింది. మొక్కజొన్న పిండిలో మాంసం పెట్టి, మొక్కజొన్న పొత్తు మీది పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మా అత్తగారు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, మా దోల్మా లాంటిదే అనుకుంది. దోల్మాలో అన్నం, మాంసం చుట్టిన ద్రాక్షాకుని కూడా తింటాం. ఆవిడ పొట్టుతో సహా కొరికి, ఐదు నిమిషాలు నమిలి, "రుచి బాగానే ఉంది గానీ ఆకు ముదిరిపోయిందని చెప్పు," అంది. నేను అది ఇంగ్లీషులో చెప్పేసరికి కూకా నవ్వలేక నేల మీద కూలబడింది. తరవాత లేచి ఆవిడ ముందు కూర్చుని, ఒక్కొక్కటీ ఒలిచి చేతికిచ్చింది. నాలుగు తిన్నాక అత్తగారు నాతో మెల్లిగా, "ఈ పిల్లని అప్పుడప్పుడు రమ్మను," అంది.

డ్రైవింగ్ నేర్పిస్తానని కూకాయే అంది. మూతపడిన ఫర్నిచర్ కొట్టు ముందు పెద్ద ఖాళీ జాగా ఉంటుంది. ఆదివారం పూజ అయ్యాక అక్కడికి వెళ్లేవాళ్లం. లైసెన్సు లేని మనిషి నేర్పడమూ తప్పే, ఆ మనిషి దగ్గర నేర్చుకోవడమూ తప్పేనని ఇద్దరికీ తెలుసు.

"కుడికి తిప్పు. కుడికీ! నీ చెయ్యి తిప్పమన్నాను, నీ తల కాదు!"

"తిప్పుతున్నా కదా!"

"నలభై వేల ఇళ్లు లెక్కపెట్టావు, మూడు అద్దాల్లోకి చూడలేవా డాక్టరమ్మా?"

"ఇళ్లు కదలవు కూకా. కార్లు కదులుతాయి!"

అరిచేది, తిట్టేది, ఒకసారి కోపమొచ్చి దిగిపోయి జాగా చివరిదాకా నడిచి వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చుంది. పది ఆదివారాలు. మే నెల మొదటి వారంలో మూడోసారి పరీక్షకి వెళ్లి పాసయ్యాను. ఆ కాగితం ముక్క తెచ్చి కూకాకి చూపిస్తే, ఏప్రనుకి చేతులు తుడుచుకుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. "ఫోటోలో నువ్వు దొంగలా ఉన్నావు," అని తిరిగిచ్చేసింది.

మే చివరికి నూట ఇరవై ఇళ్లూ అయ్యాయి. తొలి ఫలితాలు చెబుతానని మిస్ హాలోరన్ రెండు వైపుల వాళ్లనీ చర్చి హాలుకి పిలిచింది. గోడ మీద పట్టిక వేసింది. ఇరాకీ ఇళ్లలో పెద్దవాళ్లలో సగం మంది కాలేజీ మెట్లెక్కినవాళ్లు. పని ఉన్నది ముగ్గురిలో ఒకరికి. మెక్సికన్ ఇళ్లు అరవైలోనూ కలిపి కాలేజీ చదివిన పెద్దవాళ్లు నలుగురు. పని లేని ఇల్లు ఒక్కటీ లేదు. ప్రభుత్వ సాయం గడిలో మా వరుస నిండుగా ఉంది, వాళ్ల వరుస దాదాపు ఖాళీ.

అబూ సల్వాన్ లేచాడు. "మావాళ్లు చదువుకున్నవాళ్లు. కాస్త వ్యవధి ఇవ్వండి, వీళ్లని దాటిపోతాం."

అనువాదం పూర్తి కాకముందే వెనక వరుసలోంచి ఒకావిడ, "వ్యవధొక్కటేనా, అద్దె కూడా ఇస్తున్నారుగా!" అంది. దాంతో రెండు వైపులా కుర్చీలు కదిలాయి. సోమరులని ఒకరు, చదువురాని వాళ్లని ఇంకొకరు. మిస్ హాలోరన్ ముఖం పాలిపోయింది.

నేను లేచాను. హాల్లో మాట్లాడటం నాకు అలవాటు లేదు, కానీ పట్టిక గురించి మాట్లాడటం అలవాటే. "ఈ పట్టికలో ఒక తప్పుంది," అన్నాను. అందరూ ఆగారు. "మావాళ్లని వచ్చిన ఐదో ఏట కొలిచాం. వాళ్లని ఇరవయ్యో ఏట కొలిచాం. వాళ్లు ఐదో ఏట ఎలా ఉన్నారో మనం అడగలేదు. నేను కూకాని అడిగాను. ఒక గరాజులో ఉన్నారు, పొయ్యి లేదు. మేము ఇరవయ్యో ఏట ఎలా ఉంటామో దేవుడికే తెలియాలి. ఇంకోటి. వాళ్ల సాయం గడి ఖాళీగా ఉందంటే వాళ్లకి అవసరం లేక కాదు. అడగడానికి వీల్లేక. మాలో ఎవరమైనా సాయం అడగకుండా ఒక్క ఏడాది బతికామా? నేను బతకలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అబూ సల్వాన్ కూర్చున్నాడు. కాసేపటికి వెనక్కి తిరిగి, ఆ మాటన్నావిడని, "గరాజులో పొయ్యి లేకుండా ఎలా వండారమ్మా?" అని వచ్చీ రాని ఇంగ్లీషులో అడిగాడు. ఆవిడా అలాగే బతికిందట, చేతులతో చూపిస్తూ చెప్పింది. ఇస్త్రీపెట్టె తిరగేసి రొట్టె కాల్చుకునేవారట.

బయటికొచ్చి వ్యానులో కూర్చున్నాక కూకా తాళం చెవి పెట్టింది గానీ తిప్పలేదు.

"బాగా చెప్పావు. ఒక గడి మర్చిపోయావు."

"ఏది?"

వ్యాను ముందరి అరలోంచి ఒక కవరు తీసి నా ఒళ్లో పెట్టింది. దళసరి కాగితం, బంగారు అంచు. యరెలీకి గణితంలో పట్టా ఇస్తున్నారు. జూన్ పద్నాలుగున, రివర్‌సైడ్‌లో. తల్లిదండ్రులకి ఆహ్వానం. ఎల్ కహోన్ నుంచి కారులో రెండు గంటల దారి.

"వెళ్లకేం?" అన్నాను, అర్థంకాక.

"మధ్యలో తనిఖీ ఉంది. ఉత్తరానికి వెళ్లే రెండు పెద్ద రోడ్ల మీదా సరిహద్దు పోలీసులు ఆపుతారు. ఇరవై రెండేళ్లుగా నేనూ చెమా ఆ చోటు దాటలేదు. యరెలీ నాలుగేళ్లు అక్కడ చదివింది. దాని గది ఎలా ఉంటుందో నేను చూడలేదు. దాని మంచం ఎటు వేసుందో తెలీదు." గొంతు మామూలుగానే ఉంది. "అది బస్సులో ఇంటికొస్తుంది, వెళ్తుంది. రావద్దని అదే ఫోన్లో చెప్పింది. అమ్మా, నువ్వు వస్తే నేను వేదిక మీద నిన్ను వెతుక్కోను, రోడ్డు గురించే భయపడుతూ ఉంటాను అంది."

ఇరాక్‌లో పదిహేడేళ్లు, ఇక్కడ మూడు నెలలు ఇళ్లు లెక్కపెట్టాను. ఎవరింటికి ఎవరు వెళ్లలేరు అనే ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ చూడలేదు.

"నేను వెళ్తాను," అన్నాను.

"నువ్వా?" కూకా నా వైపు తిరిగింది. "నిన్న గాక మొన్న చెత్తడబ్బాని గుద్దావు."

"చెత్తడబ్బా రోడ్డు మీదికి వచ్చింది."

"డాక్టరమ్మా, అది హైవే. అయిదు వరుసలు. లారీలు."

"నువ్వే కదా నేర్పావు. నీకు నేర్పడం సరిగ్గా వచ్చో రాదో తేలిపోతుంది."

అప్పుడు ఏడ్చింది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని, భుజాలు కదలకుండా. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఆ తరవాత రెండు వారాలు రోజూ ఊరి హైవే ఎక్కించి దింపించింది. జూన్ పద్నాలుగు పొద్దున ఏడింటికి కూకా, చెమా మా ఇంటికి వచ్చారు. తువ్వాల్లో చుట్టిన తమాలెల గిన్నె, కూకా అమ్మ ఊరి నుంచి పంపిన నల్ల శాలువా వ్యానులో పెట్టారు. చెమా మాట తక్కువ మనిషి. టైర్లు నాలుగూ తన్ని చూశాడు, అద్దాలు తుడిచాడు. నా చేతిలో బండి కాగితాలు పెట్టి, "మెల్లిగా వెళ్లమ్మా. పట్టా ఎక్కడికీ పోదు," అన్నాడు. ఆయనకి ఆ రోజు ఒక ఇంట్లో గడ్డి కొయ్యాల్సి ఉంది. వెళ్లిపోయాడు. కూకా మా అత్తగారి దగ్గరే ఉంటానంది. ఫోన్లో బొమ్మ కనబడేలా నేను అక్కడినుంచి చూపించాలని ఒప్పందం.

గంట ప్రయాణం బాగానే జరిగింది. లారీలు నన్ను దాటుకుని పోతూ హారన్లు కొట్టాయి, కొట్టనీ అనుకున్నాను. తరవాత ముందు బండ్ల వెనక ఎర్రదీపాలు వెలిగాయి. వరుసలు దగ్గరికి జరిగాయి. నారింజరంగు దిమ్మెలు, కమాను లాంటి కప్పు, దాని కింద ఆకుపచ్చ దుస్తుల్లో మనుషులు.

నా దగ్గర అన్ని కాగితాలూ ఉన్నాయని బుర్రకి తెలుసు. చేతులకి తెలియలేదు. సర్గోన్ ఆ రోజు వేసుకున్న చొక్కా రంగు కళ్ల ముందుకి వచ్చింది. సంచిలోంచి కార్డు తీస్తుంటే కింద పడింది, తియ్యడానికి వంగితే బ్రేకు మీద కాలు జారబోయింది. "ఆపు. చెయ్యి తిప్పు, తల కాదు," అని కూకా గొంతుతో నాకు నేనే చెప్పుకున్నాను. నా వంతు వచ్చింది. పాతికేళ్ల కుర్రాడు. జేబు మీద రాసి ఉన్న ఇంటిపేరు మెక్సికన్ పేరు. నేను కార్డు పైకెత్తాను. దాన్ని చూడనైనా చూడలేదు. "వెళ్లండమ్మా," అని చెయ్యి ఊపాడు.

ఇరవై రెండేళ్లు కూకాని ఆపిన చోటు నన్ను రెండు క్షణాలు కూడా ఆపలేదు.

మొదట కనిపించిన పెట్రోలు బంకు దగ్గర ఆపి, ముఖం కడుక్కుని, ఫోన్ చేశాను.

"దాటాను."

కూకా అడిగింది, "అవతల ఎలా ఉంటుంది?"

"ఏముంది. అదే రోడ్డు. అవే ఎండిన కొండలు."

"అంతేనా?"

"అంతే కూకా."

"ఊ," అంది. "సరే, అద్దాలు చూసుకుని ఎక్కు."

పచ్చిక మీద వేల కుర్చీలు. నల్ల గౌన్లలో పిల్లలు బారులు తీరారు. యరెలీని దూరం నుంచే గుర్తుపట్టాను, కూకా లాగే అడుగు గట్టిగా వేస్తుంది. టోపీ మీద రంగు కాగితాలు అంటించి 'ఇళ్లు తుడిచిన చేతుల వల్ల' అని స్పానిష్‌లో రాసుకుంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. నల్ల శాలువా పైకెత్తి చూపించాను. దాన్ని చూడగానే ఆ పిల్ల ముఖం తిప్పుకుని, గౌను చేతితో కళ్లు తుడుచుకుంది.

ఫోన్ తెర మీద మా వంటగది కనబడుతోంది. ఒక పక్క కూకా నుదురు, ఇంకో పక్క మా అత్తగారి చెవి. ఆవిడ ఫోన్ని చెవికి పెట్టుకోవాలనే చూస్తోంది.

"ఎప్పుడొస్తుందే పిల్ల?" అత్తగారి గొంతు.

"ఇంకా ముందు నాలుగొందల మంది ఉన్నారు అత్తయ్యా."

"అంతమంది ఎందుకు చదివారు?"

చివరికి పేరు పిలిచారు. పిలిచినాయన మూడు ముక్కల పేరులో రెండు ముక్కలు తప్పు పలికాడు. యరెలీ మెట్లెక్కింది. ఫోన్లోంచి కూకా అరుపు ఎంత గట్టిగా వచ్చిందంటే ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగారు. అప్పుడు నాకేమైందో తెలియదు. మా పెళ్లిళ్లలో పెళ్లికూతురు గుమ్మం దాటేటప్పుడు ఆడవాళ్లం నాలుక ఆడిస్తూ సన్నగా, పొడుగ్గా ఒక కేక వేస్తాం. సర్గోన్ పోయిన ఎనిమిదేళ్లలో ఎవరి పెళ్లిలోనూ నా నోట అది రాలేదు. ఆ పచ్చిక మీద, నాకెవరూ తెలియని చోట, వచ్చింది. ఊపిరి అయిపోయేదాకా వేశాను. పక్కన గడ్డి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, మెక్సికోలో ఏ పల్లె నుంచి వచ్చాడో, టోపీ తీసి ఆకాశం వైపు చూస్తూ వాళ్ల పద్ధతిలో ఒక కేక వేశాడు. ఇంకెవరో ఈల. వేదిక మీద యరెలీ ఆగిపోయి, మా వైపు తిరిగి, పట్టా పైకెత్తింది.

తరవాత నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ, అమ్మ ఏమంది?"

"ఏమీ అనలేదు. అరిచింది."

ఇద్దరం గడ్డి మీద కూర్చుని తమాలెలు తిన్నాం. తన గది చూపించమన్నాను. మంచం కిటికీ పక్కన ఉంది. ఫోటో తీశాను.

తిరుగు దారిలో తనిఖీ లేదు. దక్షిణానికి పోయేవాళ్లని ఎవరూ ఆపరు. సాయంత్రం ఇల్లు చేరేసరికి వంటగదిలో ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేని ఆ ఇద్దరూ ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి, దోల్మా చుడుతూ కూర్చున్నారు. చెమా పని నుంచి తిన్నగా వచ్చి, బూట్లకి గడ్డి అంటుకుందని గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు.

పట్టా తీసుకున్నప్పుడు యరెలీ మెడలో వేసుకున్న, అక్షరాలు కుట్టిన పట్టీని నా చేతికిచ్చి పంపింది. దాన్ని కూకా మెడలో వేశాను. ఆమె అంచులు సవరించుకుని, అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదవబోయి, ఆగి, మంచం ఫోటో అడిగింది. ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది.

"కిటికీ పక్కనా! చలేస్తుంది కదా పిచ్చిదానికి," అంది. నాలుగు చలికాలాలు అయిపోయాక.

"లోపలికి రమ్మనవే ఆయన్ని," అంది మా అత్తగారు. "గడ్డి అంటుకుంటే ఏం, తుడిచేవాళ్లం ఇంతమందిమి ఉన్నాం."

మిస్ హాలోరన్ ఆ వేసవిలో మళ్లీ నలభై ఇళ్లకి మమ్మల్ని పంపింది. ఈసారి 'వచ్చిన ఐదో ఏట' అనే గడి చేర్చింది. నివేదిక అచ్చయ్యాక ఆమె రాసిచ్చిన ఉత్తరంతో నాకు పాఠశాలల కార్యాలయంలో హాజరు లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. అబూ సల్వాన్ కాలవ గట్లు కొలిచే జట్టులో సహాయకుడిగా చేరాడు. తనకన్నా ముప్పై ఏళ్లు చిన్నవాడి కింద. సంతోషంగానే ఉన్నాడు.

2015 జనవరి నుంచి కాగితాలు లేనివాళ్లకి కూడా లైసెన్సు ఇవ్వడం మొదలైంది. కూకా వరుసలో ఐదు గంటలు నిలబడింది. రాత పరీక్ష రెండుసార్లు తప్పింది. నేను ప్రశ్నలు చదివి వినిపించేదాన్ని, తను ఇళ్లు తుడుస్తూ జవాబులు వల్లించేది. మూడోసారి నెగ్గింది. ఆ లైసెన్సు ఉన్నా ఉత్తరాన తనిఖీ దాటలేదు. కాగితాల కోసం వకీలు ఏదో అర్జీ పెట్టాడు, ఇంకా నడుస్తోంది.

యరెలీ మా ఊళ్లోనే ఒక బడిలో పంతులమ్మగా చేరింది. ఆమె తరగతిలో సగం మంది పిల్లలు కొత్తగా ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు. చేరిన మొదటి రోజు పదింటికి నాకు ఫోన్ చేసింది. వెనక ఒక పాప వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"పిన్నీ, తొందరగా చెప్పు. అమ్మ వచ్చేస్తుందని అరబ్బీలో ఎలా అనాలి?"

"మామా రహ్ తిజీ."

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె పాప వైపు తిరిగి చెప్పడం వినిపించింది, మెక్సికన్ యాసలో, ఒక్కో ముక్కా విడదీసి. ఏడుపు ఒక్క క్షణం ఆగింది. పాప ఏదో అంది.

"ఏమంటోంది పిన్నీ?"

"నువ్వు తప్పు పలికావంటోంది," అన్నాను.